కొండను మోసిన కూర్మం: యల్లాప్రగడ సుబ్బారావు

శ్రీకాకుళానికి కొద్ది దూరంలో, సముద్రపు గాలి తగిలేచోట, శ్రీకూర్మ క్షేత్రమున్నది. విష్ణువు కూర్మరూపంలో మూలవిరాట్టుగా పూజలందుకొనే ఆలయాలు మన దేశంలో బహు అరుదు. శ్వేతపుష్కరిణిలో కాళ్లు కడుగుకొని, తూర్పున ఒకటి పడమట ఒకటిగా నిలిచిన రెండు ధ్వజస్తంభాలను చూచి, గర్భాలయంలోకి తొంగిచూచే యాత్రికునికి అక్కడ నిలువెత్తు విగ్రహం కనబడదు. నేలకు ఆనుకొని ఉన్న తాబేలు కనబడుతుంది.

ఆ కథ మనకందరికీ తెలిసినదే. దేవదానవులు పాలసముద్రాన్ని చిలికినారు. మందరగిరి కవ్వమైనది, వాసుకి తాడయినాడు. ఆధారం లేక కొండ మునిగిపోతుంటే శ్రీహరి తాబేలై దానిని వీపున మోసినాడు. మొదట హాలాహలం పుట్టింది, చిట్టచివర అమృతం. రెండూ ఒకే కడలిలోనివి, ఒకే కవ్వానికి అందినవి. విషాన్ని కంఠాన నిలిపిన శివుని పేరు, కలశం చేతబట్టి వచ్చిన ధన్వంతరి పేరు, అమృతం పంచిన మోహిని పేరు లోకమంతా చెప్పుకొన్నది. అడుగున కొండను మోసినవానిని చూచినవారు ఎవరూ లేరు. నీరు ఆయనను కప్పివేసింది.

విషానికీ అమృతానికీ మధ్య అట్లా నిలిచి, కనబడకుండా బరువు మోసిన తెలుగువాడు ఒకరు గత శతాబ్దంలో ఉన్నారు. ఆయన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. పేరు వినని చదువుకొన్నవారు తెలుగునాట తక్కువే. కాని ఆయన ఏమి చేసినారని అడిగితే, ఏవో మందులు కనిపెట్టినారని చెప్పి ఊరుకొంటాము. ఆ మందులలో ఒకటైన ఫోలిక్ ఆమ్లమనే విటమిను, ఆయన పోయిన అర్ధశతాబ్దికి, నేలలోనుంచి నీటిలోకి ఊరే పాషాణాన్ని మనిషి ఒంటినుంచి సాగనంపే పనికి వచ్చినదన్న సంగతి మనలో ఎందరికి తెలుసు? ఆ సంగతి చెప్పాలంటే ఆయన బ్రతుకు మొదటినుంచి చెప్పవలసి ఉన్నది.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించినారు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూశాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యంవల్ల ముందుగానే కొలువు విడిచినవారు. తల్లి వెంకమ్మగారు. ఏడుగురు బిడ్డల సంసారం. రాబడి అంతంత మాత్రం. పదమూడేళ్ల వయస్సులో ఈ బాలుడు ఇల్లు విడిచి పారిపోయినాడు. సన్యాసం కోసం కాదు. కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలట! పట్టి వెనుకకు తెచ్చినారు. ఆ పిల్లవాడు బడిలో రాణించినదీ లేదు. మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పినాడు. తల్లి తన నగలు అమ్మి మద్రాసుకు పంపింది. అక్కడి హిందూ హైస్కూలులో మూడవసారి గట్టెక్కినాడు.

పరీక్షలు తప్పిన విద్యార్థిని చూడగానే పెదవి విరిచే ఉపాధ్యాయలోకంలో నేనూ ఒకడిని. ఈ ఘట్టం నాకు ప్రతియేడూ, ఫలితాలు వచ్చే రోజున, జ్ఞప్తికి వస్తుంది.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతున్న రోజులలో ఆయన మనస్సు రామకృష్ణ మఠంవైపు మళ్లింది. కాషాయం కట్టాలని తలచినారు. తల్లి అనుమతి లేనిదే మఠంవారు చేర్చుకోరు, తల్లి ఒప్పుకోదు. సేవ చేయదలచినవానికి వైద్యవిద్య మంచి మార్గమని పెద్దలు హితవు చెప్పగా మద్రాసు వైద్యకళాశాలలో చేరినారు. చదువుకు మిత్రులు తోడ్పడినారు. కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ఆదుకొని, 1919లో తమ కుమార్తె శేషగిరి నిచ్చి వివాహం చేసినారు.

అవి గాంధీ మహాత్ముని పిలుపు దేశాన్ని ఊపుతున్న దినాలు. సుబ్బారావు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు అంగీ తొడుగుకొని వెళ్లినారు. ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డు దొరకు అది కంటగింపైనది. వ్రాతపరీక్షలు బాగుగా వ్రాసినా ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చినారు. దానితో మద్రాసు వైద్యశాఖలో కొలువు ఆశ కూడా పోయినది. నూలుబట్ట ఒకటి ఒక జీవితాన్ని సముద్రాలు దాటించినదనుకోవడానికి ఇదే ఆధారం.

అంతకంటె పెద్ద దెబ్బ ఇంటిలో తగిలింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఎనిమిది రోజుల వ్యవధిలో ఒకరి తరువాత ఒకరు మరణించినారు. జబ్బు స్ప్రూ, మన వైద్యులు సంగ్రహణి అనేది. ప్రేగు తిన్నదానిని ఒంటికి అంటనీయదు. నోరు పూస్తుంది, రక్తం పలుచబడుతుంది, మనిషి కళ్లయెదుటే ఎండిపోతాడు. కంచంలో అన్నమున్నా శరీరానికి కరవే. డాక్టరు చదువు చదివిన తమ్మునికి, అన్నకు, ఆ చదువు చేయగలిగినది ఏమీ లేకపోయినది. ఆ వ్యాధికి కారణమేమిటో, మందేమిటో నాటి పుస్తకాలలో లేదు. ఆ రోగం సుబ్బారావునూ వదలలేదు. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో ఆయన బ్రతికి బయటపడినారు.

లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే ఆయన శరీరశాస్త్రం బోధించినారు. పాశ్చాత్యవైద్యం చదివి ఆయుర్వేద విద్యార్థులకు పాఠం చెప్పిన ఆ కొద్దికాలం ఆయనకు వృథాపోలేదు. మూలికలో గుణమున్నదని వైద్యుడు అనుభవంచేత ఎరుగును. ఆ గుణం మూలికలోని ఏ పదార్థానిదో ఎరుగడు. ఆ పదార్థాన్ని వేరుచేసి పట్టుకోవాలన్న పట్టుదల ఆయన తరువాతి పనిలో ప్రతిచోటా కనబడుతుంది.

కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరు ధర్మనిధి, మామగారు చేసిన సహాయం మూలధనంగా, 1922 అక్టోబరు 26న సుబ్బారావు అమెరికాలో బోస్టను నగరం చేరినారు. నిండుచూలాలైన భార్యను ఇంట విడిచి వెళ్లినారు. కొడుకు పుట్టినాడు, తొమ్మిది నెలలకే పోయినాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. శేషగిరమ్మగారు భర్తను మరల చూడలేదు. చదువు ముగియగానే రావలసిన మనిషి పనిలో పని పుట్టి అక్కడనే ఉండిపోయినారు. ఆయనను పొగిడే మనం ఈ మాటను దాటవేయరాదు. ఆయన మోసిన బరువులో సగం, ఇంటివద్ద కూర్చుండి, మరొకరు మోసినారు.

హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల చదువు పూర్తిచేసినారు. మద్రాసు పట్టాకు అక్కడ వైద్యవృత్తి చేసే అర్హత లేదు. పొట్టకూటికి బోస్టనులోని పీటర్ బెంట్ బ్రిగాం ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పనికి కుదిరినారు. పగలు చదువు. తరువాత హార్వర్డు వైద్యకళాశాల జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ వద్ద చేరినారు.

ఫిస్క్‌ను పట్టిన ప్రశ్న భాస్వరం. రక్తంలో, మూత్రంలో, కండలో ఉండే కొద్దిపాటి భాస్వరాన్ని కొలవడమెట్లా? ఇద్దరూ కలిసి 1925లో ఒక పద్ధతి ప్రకటించినారు. నమూనాలో మాలిబ్డినం లవణం కలిపి, మరొక పదార్థంతో ఆ మిశ్రమాన్ని నీలంగా మారుస్తారు. నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది ప్రపంచంలోని ప్రయోగశాలలకెల్లా పాకింది. దశాబ్దాలపాటు జీవరసాయన విద్యార్థి చేయి తిరిగే తొలి ప్రయోగాలలో అదొకటి.

కొలత చేతికి వచ్చినవెంటనే కొత్తలోకం కనబడినది. 1927లో వారు కండరంలో క్రియాటిన్ ఫాస్ఫేటును కనుగొన్నారు. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు. నేడు బడిపిల్లలు ఎ.టి.పి. అని చెప్పేది అదే. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమను కూడ దానిని వేరుగా కనుగొన్నాడు. కండరం పనిచేయడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న సిద్ధాంతానికి 1922లో నోబెల్ బహుమానం అందియున్నది. ఈ కొత్త పదార్థాలతో ఆ సిద్ధాంతం నిలువలేకపోయినది. మనం చేయి ఎత్తినా, గుండె కొట్టుకొన్నా, తలలో ఆలోచన మెదలినా ఖర్చయ్యే నాణెం ఎ.టి.పి. దానిలో మూడు భాస్వర బృందాలు ఒకదానికొకటి కొక్కెం వేసుకొని ఉంటవి. కొక్కెం ఊడితే శక్తి. తిరిగి తగిలిస్తే నిల్వ.

ఇక్కడ పాషాణం ప్రసక్తి వస్తుంది. మూలకాల పట్టికలో భాస్వరానికి సరిగ్గా క్రిందిగడిలో ఉన్నది ఆర్సెనిక్కు. మన పల్లెలలో పాషాణమని పిలిచేది దీని సమ్మేళనమే. రసాయనశాస్త్రజ్ఞులు దీనిని లోహమనీ అనరు, కాదనీ అనరు. హాని విషయంలో మాత్రం సీసం, పాదరసం, కాడ్మియంలతో కలిపి భారలోహాల వరుసలోనే కూర్చుండబెడతారు. భాస్వరానికి ఇది మారువేషగాడు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతిలో సైతం ఆర్సెనేటు ఉంటే భాస్వరం ఉన్నట్లే నీలం తేలి కొలతను తప్పిస్తుంది. గాజుగొట్టంలో చేసే మోసాన్నే అది కణంలోనూ చేస్తుంది. ఎ.టి.పి. తయారయ్యేచోట భాస్వరపు స్థానంలో దూరుతుంది. కొక్కెం పడినట్లే పడి, క్షణంలో ఊడిపోతుంది. శరీరం శ్రమించినా నాణెం ముద్రపడదు. దానికి మరొక రూపం ఆర్సెనైటు. అది కణంలో ఆహారాన్ని శక్తిగా మార్చే ఎంజైములనే పట్టి బిగించివేస్తుంది. బి1 విటమిను పనిని పావురాల మెదడులో పరిశీలిస్తూవచ్చిన ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ పీటర్సు, రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఆ మార్గాననే వెళ్లి ఆర్సెనిక్కు విషవాయువుకు విరుగుడు సాధించినాడు. విటమినుల విద్యకూ విషాల విద్యకూ చుట్టరికం ఆనాడే కలిసినది.

సుబ్బారావుకు 1930లో పి.హెచ్.డి. వచ్చింది. హార్వర్డులో స్థిరమైన పదవి మాత్రం రాలేదు. ఆయన మనస్సు అప్పటికే కాలేయంమీద నిలిచి ఉన్నది. పశువుల కాలేయపు సారం తాగిస్తే కొన్ని పాండురోగాలు నయమవుతున్నవి. కారణం దానిలోని ఏ పదార్థం? అన్నదమ్ములు పలుచబడిన రక్తంతోనే పోయినారు గదా! లండనునుంచి బొంబాయి వచ్చి పనిచేసిన లూసీ విల్స్ అనే వైద్యురాలు, అక్కడి బట్టలమిల్లుల గర్భిణీ స్త్రీలకు కలిగే పాండురోగం ఈస్టుతో చేసిన మార్మైటు అనే తినుబండంతో తగ్గుతుందని 1931లో చెప్పింది. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూరలో అటువంటి పదార్థం పసిగట్టి, ఆకును చెప్పే లాటిను మాటతో దానికి ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టినారు. పసిగట్టడం వేరు; చేతబట్టడం వేరు. మణుగులకొద్ది ఆకునుంచి, కాలేయంనుంచి లభించేది చిటికెడు.

1940లో సుబ్బారావు న్యూయార్కు రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనేచోట ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరినారు. కొద్దికాలానికే అక్కడి పరిశోధనకంతటికీ అధిపతి అయినారు. పొట్టకూటికి పాత్రలు కడిగిన మనిషి చేతిక్రింద ఇప్పుడు రసాయనజ్ఞులు, సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు బారులుతీరి పనిచేస్తున్నారు. వారు కాలేయంనుంచి ఆ విటమినును శుద్ధంగా వేరుచేసినారు. దాని నిర్మాణం తేల్చినారు. 1945లో ప్రయోగశాలలోనే తయారుచేసినారు. ఆ ప్రకటనమీద పదహారుగురి పేర్లున్నవి. సుబ్బారావుగారి పేరు వారి నడుమ ఎక్కడనో ఉన్నది. నాయకుడు తన పేరు తలకట్టున పెట్టుకోలేదు.

చిటికెడు లభించనిది ఇప్పుడు సీసాలకొద్ది దొరికినది. టామ్ స్పైస్ అనే వైద్యుడు క్యూబా, ప్యూర్టోరికో దీవులలోని స్ప్రూ రోగులకు ఆ పచ్చని పొడి ఇచ్చి చూచినాడు. నాలుక పుండ్లు మానినవి, ఆకలి పుట్టినది, రక్తం చిక్కబడినది. పురుషోత్తం, కృష్ణమూర్తి చితి చల్లారి రెండు దశాబ్దాలు దాటిన తరువాత, వారి జబ్బుకు మందు వారి సోదరుని ప్రయోగశాలనుంచి వెలువడినది. ఆ వార్త విన్ననాడు ఆయన మనస్సులో ఏమి మెదలినదో ఊహించుకోవలసినదే.

ఆ తరువాతి మూడేళ్లలో ఆ ప్రయోగశాలనుంచి వెలువడినవి ఇంతా అంతా కాదు. ఫోలిక్ ఆమ్లాన్ని పోలిఉండి దాని పనిని అడ్డే అమినోప్టెరిన్‌తో, సిడ్నీ ఫార్బర్ బోస్టను పిల్లల ఆసుపత్రిలో రక్తపు క్యాన్సరుకు గురైన పసివారికి కొన్నాళ్ల ఊరట కలిగించినాడు. క్యాన్సరును మందుతో ఎదిరించే వైద్యానికి అది తొలిమెట్లలో ఒకటి. ఆ కోవలోనిదే మెథోట్రెక్సేటు. నేడు కీళ్లవాతానికి వాడుతున్న మాత్ర. బెంజమిన్ డగ్గర్ చేత మన్ను వెదికించి తీయించిన ఆరియోమైసిన్ 1948లో వచ్చింది. 1947లో వచ్చిన హెట్రజాను సంగతి ఈ ప్రాంతంవారికి వేరుగా చెప్పాలి. ఉత్తరాంధ్ర తీరంలో బోదకాలు పాతజబ్బు. దోమకాటుతో ఒంట చేరిన ఫైలేరియా పురుగును చంపడానికి ప్రభుత్వ సిబ్బంది ఇంటింటికీ తిరిగి మ్రింగించే డి.ఇ.సి. మాత్ర ఆ హెట్రజానే. మన వీథి అరుగుమీద కూర్చుండి మంచినీళ్లతో ఆ మాత్ర వేసుకొన్న ముసలమ్మకు, అది భీమవరం బిడ్డడు పంపినదని ఎవరు చెప్పినారు?

1946లో అమెరికా చట్టం మారి భారతీయులకు ఆ దేశ పౌరసత్వం అందే వీలు కలిగింది. ఆయన తీసుకొనలేదు. పరదేశిగానే ఉండి, 1948 ఆగస్టులో, ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి మరణించినారు. వయస్సు 53 ఏండ్లు. మన దేశం స్వతంత్రమై అప్పటికి ఒక్క సంవత్సరం నిండబోతున్నది. ఒక శిలీంధ్రానికి శాస్త్రజ్ఞులు ఆయన పేరుపెట్టినారు. నూరేండ్ల పండుగకు, 1995లో, భారతప్రభుత్వం తపాలాబిళ్ల వేసింది.

సాధారణంగా జీవితచరిత్రలు ఇక్కడ ముగుస్తవి. ఈ చరిత్ర ఇక్కడ మరల మొదలవుతుంది.

గంగా, బ్రహ్మపుత్రల డెల్టాలో 1970 ప్రాంతంనుంచి చేతిపంపులు విరివిగా వేసినారు. చెరువునీటిలోని కలరా, విరేచనాల వాత పిల్లలు పడకూడదన్న సదుద్దేశంతో చేసిన పని అది. నేల అడుగు పొరలలో ఆర్సెనిక్కు ఉన్నదని ఎవరూ చూడలేదు. కంటికి తేటగా, నాలుకకు తీయగా ఉన్న నీటితో విషం ఊరినది. పశ్చిమబెంగాలులో 1983లోను, బంగ్లాదేశ్‌లో 1993లోను సంగతి బయటపడినది. అరచేతులలో గరుకు కాయలు, ఒంటిమీద నల్లమచ్చలు, పిమ్మట క్యాన్సరు. లీటరు నీటిలో 10 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పిన పదార్థాన్ని కోట్ల జనం అంతకు అనేకరెట్లు తాగుతూవచ్చినారు. చరిత్రలో ఒక జనసమూహానికి సంభవించిన విషప్రయోగాలలో ఇంత పెద్దది లేదని శాస్త్రజ్ఞులు లెక్కకట్టినారు. సముద్రం చిలికితే ముందుగా హాలాహలం పుట్టినదన్న పురాణగాథ ఆ చేతిపంపుల దగ్గర అక్షరాలా జరిగింది.

ఒకే బావినీరు త్రాగిన ఇద్దరిలో ఒకరికి మచ్చలు లేస్తవి, మరొకరికి లేవవు. ఎందువల్ల? ఒంటిలో చేరిన ఆర్సెనిక్కును కాలేయం ఊరక విడువదు. దానికి మిథైల్ అనే చిన్న రసాయన బృందాన్ని తగిలిస్తుంది. తరువాత రెండవది తగిలిస్తుంది. రెండూ తగిలిన ఆర్సెనిక్కు సులువుగా మూత్రంలో వెళ్లిపోతుంది. ఒకటి మాత్రమే తగిలి ఆగిపోయినదే ఎక్కువ చేటు చేస్తుందని పరిశోధకులు గ్రహించినారు. సగం చేసిన పని చేయనిదానికంటె అనర్థమన్నమాట. మరి ఆ మిథైల్ బృందాలను కాలేయానికి అందించే బోయీ ఎవరు? ఫోలిక్ ఆమ్లం! బి12 విటమిను తోడుగా అది ఒక్కొక్క కర్బన పరమాణువును భుజాన వేసుకొని శరీరంలో కావలసినచోటికి చేరుస్తుంది. తిండిలో ఆ విటమిను కొరవడినవారి కాలేయం పాషాణాన్ని సగంలో విడిచివేస్తుంది.

న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ గాంబుల్, ఆమె సహచరులు దీనిని బంగ్లాదేశ్ పల్లెలలో పరీక్షకు పెట్టినారు. రక్తంలో ఫోలేటు తక్కువగా ఉన్నవారిని ఎన్నుకొని, కొందరికి రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం, కొందరికి మందులేని మాత్ర, 12 వారాలపాటు ఇచ్చినారు. ఎవరికి ఏది ముట్టినదో ఇచ్చినవారికీ తెలియదు, పుచ్చుకొన్నవారికీ తెలియదు. ఫలితాలు 2006, 2007 సంవత్సరాలలో వెలువడినవి. విటమిను తీసుకొన్నవారి రక్తంలో మొత్తం ఆర్సెనిక్కు సుమారు 14 శాతం తగ్గింది. సగంలో ఆగే ఆ చెడ్డ రూపం సుమారు 22 శాతం తగ్గింది. మాత్ర విలువ కొద్ది పైసలు. పెర్ల్ రివర్ నుంచి ఆ విశ్వవిద్యాలయం ఎంతో దూరం లేదు. హడ్సను నదికి ఇటు ఒకటి, అటు ఒకటి. ఆయన ఎ.టి.పి. కనుగొని విషం దెబ్బ ఎక్కడ తగులుతుందో తెలియడానికి దారితీసినారు; విటమిను తయారుచేయించి విషం బయటకు పోయే త్రోవ తెరిచినారు. రెండింటిలో ఏదీ పాషాణాన్ని దృష్టిలో పెట్టుకొని చేసినది కాదు. శరీరం ఎట్లా బ్రతుకుతున్నదో తెలుసుకొన్న విద్య, అది ఎట్లా చస్తున్నదో తెలిసినప్పుడు అక్కరకు వచ్చింది.

ఇదంతా గంగాతీరపు గొడవ అని మనం నిశ్చింతగా ఉండడానికి లేదు. 2020 డిసెంబరులో, ఆనాటికి భీమవరం ఉన్న పశ్చిమగోదావరి జిల్లా ముఖ్యపట్టణమైన ఏలూరులో, వందలాదిమంది ఉన్నట్టుండి మూర్ఛలతో నురుగులు కక్కుతూ పడిపోయినారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షలలో రోగుల రక్తంలో సీసం, నికెలు కనబడినవి. తరువాత నిపుణుల వ్రేలు పురుగుమందుల అవశేషాలవైపు తిరిగింది. మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉద్దానంలో కొబ్బరి, జీడితోటల నీడన వేలమంది మూత్రపిండాలు చెడి కృశించిపోతున్నారు. నీటినీ, మన్నునూ, లోహాలనూ, మందులనూ అనుమానించి పరీక్షించినా కారణం ఇదమిత్థమని తేలలేదు. ఎనిమిది రోజులలో ఇద్దరు బిడ్డలను పోగొట్టుకొన్న వెంకమ్మగారి ఇల్లు ఎట్లా ఉండినదో ఉద్దానపు గడపలు చెప్పగలవు.

అందుచేతనే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. విటమిను మాత్ర విషానికి తాయెత్తు కాదు. బంగ్లాదేశ్ పరీక్షలోనూ తగ్గినది 14 శాతమే. మిగిలినది ఒంటిలోనే ఉన్నది. బావి మార్చడం, నీరు వడగట్టడం, విషం వచ్చే మూలాన్ని మూసివేయడం మొదటి వైద్యం. విటమిను సాయపడేది ముఖ్యంగా అది కొరవడినవారికి. తక్కిన లోహాల విషయమూ ఇంచుమించు ఇట్లాగే ఉన్నది. ఇనుము, సున్నపుధాతువు చాలని పిల్లల ప్రేగు సీసాన్ని ఎక్కువగా పీల్చుకొంటుందని తెలిసినది. అనగా విషం ముందుగా వెదకికొనేది ఆకలిగొన్న ఒంటిని. పేదవాని నీరు చెడ్డది, పేదవాని కంచమూ చప్పనిది. రెండూ కలిసి అతనిని రెండువైపుల నుంచి పట్టుకొంటవి. లోహం సోకినదని అనుమానమున్నవారు వైద్యుని చూడవలసినదే గాని అంగడిలో మాత్రలు కొని ఊరుకోరాదు.

కంచం విషయంలో మనవారికి కొదవ లేదు. తోటకూర, పాలకూర, పెసలు, సెనగలు, కందిపప్పు, వేరుసెనగలు ఫోలేటుకు నిలయాలు. ఎక్కువసేపు ఉడికిస్తే అది నశిస్తుంది. ఉడికిన నీటిని పారబోస్తే దానితోనే పోతుంది. పప్పులో ఆకు కలిపి వండి ఆ నీటితోనే దించే మన ఇంటి వంట, శాస్త్రం పుట్టకముందే శాస్త్రసమ్మతంగా ఉన్నది. ఆ వంటకు నోచుకోని ఇండ్లు మన జిల్లాలలో ఇంకా ఉన్నవన్నదే విచారం.

సుబ్బారావుగారు నోబెల్ బహుమానం పొందలేదు. పొంది ఉండవలసినదని వ్రాసేవారు వ్రాస్తున్నారు. నాకు ఆ వాదంమీద అంత ఆసక్తి లేదు. ఉద్దానంలో నేడు ఒక పదమూడేళ్ల కుర్రవాడు పరీక్ష తప్పి, తండ్రిని డయాలిసిసుకు తీసికొనిపోయే బస్సుకోసం నిలబడి ఉండవచ్చు. అతని ప్రశ్నకు సమాధానం ఏ పుస్తకంలోనూ ఇంకా లేదు. 1920 ప్రాంతంలో సంగ్రహణికీ లేదు. ఆ కుర్రవానికి మూడవసారి పరీక్ష వ్రాసే వీలు కల్పించడం, అమ్మడానికి నగలు లేని తల్లికి తోడుగా నిలవడం మన పని.

శ్రీకూర్మంలో దీపం వెలిగించి చూపినప్పుడు, యాత్రికులు ముందు పైకి చూస్తారు. పూజారి నేలవైపు చూడమంటాడు.